డీసీసీ మోడల్ రైల్వే లేఅవుట్‌లో వైరింగ్ లోపాలను వరుసగా వెతికి సరిచేసే విధానం

మోడల్ రైల్వే లేఅవుట్ మీద ఇంజను పరుగెడుతోందంటే దాని కింద ఉన్న వైరింగ్ సవ్యంగా ఉన్నట్లేనని చాలామంది అనుకుంటారు. డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతిలో నడిచే లేఅవుట్‌కు ఈ నమ్మకమే అన్నిటికంటే ఎక్కువ చిక్కులు తెచ్చిపెడుతుంది. హెచ్‌ఓ సైజు, అంటే అసలు రైలులో 87వ వంతు ఉండే ఇంజను ఒంటరిగా, నెమ్మదిగా తిరగడానికి సాధారణంగా అర ఆంపియరు కరెంటు కూడా అక్కర్లేదు. అంత కొద్దిపాటి కరెంటును సగం ఊడిన అతుకు కూడా మోసుకుపోతుంది. నాలుగు ఇంజన్లు ఒకేసారి కదిలినప్పుడో, ఒక చక్రం పట్టా తప్పి షార్టయినప్పుడో ఆ అతుకు బలహీనత బయటపడుతుంది. అందుకే ఇక్కడ చెప్పబోయే పరీక్షల్లో ఎక్కువ భాగం కరెంటు వస్తోందా అని కాకుండా, కావలసినంత కరెంటు లేఅవుట్‌లోని ప్రతి మూలకూ నిలకడగా చేరుతోందా అని తేల్చడానికే ఉద్దేశించినవి.

లోపం వెతకడానికి ముందు పట్టాల మీద జరిగేదేమిటో తెలిసి ఉండాలి. జర్మనీకి చెందిన బెర్న్డ్ లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల తొలి సంవత్సరాల్లో డీసీసీ ప్రమాణాలను ఖరారు చేసింది. ఒక కంపెనీ డీకోడరు (ఇంజనులో ఉండి ఆదేశాలను చదివే సర్క్యూటు) మరో కంపెనీ కమాండ్ స్టేషను (ఆదేశాలను తయారుచేసే పెట్టె) మాట వినడానికి కారణం ఆ ప్రమాణాలే. పాత డీసీ పద్ధతిలో వేగాన్ని బట్టి పట్టాల వోల్టేజీ మారేది. డీసీసీలో ఇంజను ఆగి ఉన్నా పట్టాల మీద పూర్తి వోల్టేజీ ఉంటుంది; హెచ్‌ఓకు అది సాధారణంగా 14 నుంచి 15 వోల్టులు, అంతకంటే చిన్నదైన ఎన్ సైజుకు 12 వోల్టుల దాకా ఉంటుంది. ఆ వోల్టేజీ సెకనుకు వేల సార్లు దిశ మార్చుకునే చదరపు తరంగం. అందులో 1 అనే బిట్‌కు ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 0 అనే బిట్‌కు ఒక్కో సగం 100 మైక్రోసెకన్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇంజనుకు కావలసిన శక్తీ, దానికి మనమిచ్చే ఆదేశమూ ఒకే జత తీగల మీద ప్రయాణిస్తాయి కాబట్టి వైరింగ్‌లో లోపం ఉంటే రెండూ దెబ్బతింటాయి. ఇంజను ఆగిపోవడం ఒక లక్షణమైతే, ఇంజను నడుస్తూనే మాట వినకపోవడం మరో లక్షణం.

సిద్ధం చేసుకోవలసినవి

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకొని, లేఅవుట్ పటం గీసి, ప్రతి ఫీడరు (పట్టాకు కరెంటు తెచ్చే సన్న తీగ) పట్టాకు తగిలే చోటుకూ ప్రతి ఇన్సులేటెడ్ గ్యాపుకూ (కరెంటు దాటకుండా పట్టాలో వదిలిన సందు) ఒక్కో నంబరు వేయాలి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు గాని, టేబులు కింద పడుకొని తలకిందులుగా చూస్తున్నప్పుడు ఎడమ ఏదో కుడి ఏదో తేల్చేది ఆ పటమే. దీనికి తోడు ఒక మల్టీమీటరు, ఒక ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవరు, 10 ఓమ్‌ల 25 వాట్ల రెసిస్టరు ఒకటి, ఆటోమొబైల్ ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బులు రెండు మూడు, వాటికి హోల్డర్లు, క్రొకడైల్ క్లిప్పులున్న తీగలు, ఒక ఐదు రూపాయల నాణెం ఉంటే చాలు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. కాబట్టి నాణెం రెండు పట్టాలనూ సులభంగా తాకుతుంది.

మల్టీమీటరు గురించి ఒక హెచ్చరిక అవసరం. మామూలు మీటర్లు ఏసీ వోల్టేజీని 50 హెర్ట్‌జ్ సైన్ తరంగానికి సరిపోయేలా కొలుస్తాయి. డీసీసీ తరంగం సుమారు 5,000 నుంచి 8,600 హెర్ట్‌జ్ మధ్య ఉండే చదరపు తరంగం కాబట్టి మీటరు చూపించే అంకె అసలు విలువకు ఎక్కువగానో తక్కువగానో ఉంటుంది. అయినా అదే మీటరుతో ఒక చోటును మరో చోటుతో పోల్చడానికి ఇబ్బంది లేదు. ఖచ్చితమైన విలువ కావాలంటే 1ఎన్4148 డయోడ్లు నాలుగింటితో చిన్న బ్రిడ్జి కట్టి, దాని అవుట్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరునూ 10 కిలో ఓమ్‌ల రెసిస్టరునూ సమాంతరంగా కలిపి, డీసీ రేంజిలో కొలవాలి. వచ్చిన అంకెకు డయోడ్లలో పోయిన 1.2 వోల్టులు కలిపితే పట్టాల అసలు వోల్టేజీకి చాలా దగ్గరగా వస్తుంది. నేను ఇప్పటికీ ఈ చిన్న బ్రిడ్జినే వాడుతున్నాను.

టేబులు కింద తీగలు విప్పేటప్పుడూ కలిపేటప్పుడూ బూస్టరును, అంటే పట్టాలకు కరెంటు పంపే పెట్టెను, ఆపి ఉంచాలి. 230 వోల్టుల వైపు ఉండే అడాప్టరును ఏ పరిస్థితిలోనూ విప్పకూడదు.

మొదటి మెట్టు: లోపం లేఅవుట్‌దా, పరికరానిదా తేల్చడం

లేఅవుట్ మీది ఇంజన్లనూ లైట్లున్న బోగీలనూ అన్నిటినీ తీసేయాలి. తరువాత బూస్టరు నుంచి లేఅవుట్‌కు వెళ్లే రెండు తీగలనూ విప్పి, వాటి స్థానంలో ఒక మీటరు పొడవున్న విడి పట్టాను తగిలించి, బాగా నడుస్తుందని తెలిసిన ఇంజనును దాని మీద నడిపి చూడాలి. అక్కడ కూడా తేడా కనిపిస్తే కమాండ్ స్టేషను, బూస్టరు, అడాప్టరు లేదా ఆ ఇంజనే అనుమానితులు; లేఅవుట్ కింద వెతకడం వృథా. అక్కడ చక్కగా నడిస్తే లోపం లేఅవుట్‌లోనే ఉందని నమ్మవచ్చు. ఈ ఒక్క మెట్టు దాటవేసి, రెండు వారాలు టేబులు కింద గడిపి, చివరికి అడాప్టరు తీగ లోపల తెగిందని తెలుసుకున్న అనుభవం నాకుంది.

కొన్నిసార్లు ఇంజన్లు లేనప్పుడు అంతా బాగుండి, అన్నిటినీ పెట్టి పవర్ ఇవ్వగానే బ్రేకరు పడిపోతుంది. అది షార్టు కాకపోవచ్చు. సౌండ్ డీకోడర్లలోనూ, కరెంటు క్షణకాలం తప్పినా ఇంజను ఆగకుండా చూసే కెపాసిటర్లలోనూ పవర్ ఇచ్చిన మొదటి క్షణంలో పెద్ద మొత్తంలో కరెంటు చొరబడుతుంది. ఇంజన్లను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది.

రెండో మెట్టు: పూర్తి షార్టును సగాలుగా చీల్చి పట్టుకోవడం

ఇంజన్లు లేకున్నా బ్రేకరు పడుతుంటే పూర్తి షార్టు ఉందన్న మాట. బూస్టరు విప్పేసి, మీటరును ఓమ్‌ల రేంజిలో పెట్టి రెండు బస్ వైర్ల (బూస్టరు నుంచి లేఅవుట్ పొడవునా వెళ్లి ఫీడర్లకు కరెంటు పంచే లావు తీగలు) మధ్య కొలవాలి. కొన్ని ఓమ్‌ల లోపే చూపిస్తే తీగలో గాని పట్టాలో గాని రెండు వైపులూ ఎక్కడో కలుస్తున్నాయి. ఇప్పుడు ఊహల మీద ఆధారపడి అక్కడక్కడా తీగలు లాగి చూడకూడదు. బస్ వైరును సరిగ్గా మధ్యలో విప్పి రెండు సగాలనూ విడివిడిగా కొలవాలి. షార్టు చూపించిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. లేఅవుట్‌లో పదహారు ఫీడరు జతలుంటే నాలుగు కొలతల్లో దోషి అయిన జత దగ్గరకు చేరుకుంటాం. అయితే పట్టాలు ఫిష్‌ప్లేట్ల (పట్టా ముక్కల చివరలను జతచేసే చిన్న రేకులు) ద్వారా ఒకదానికొకటి కలిసి ఉంటే బస్ విప్పినంత మాత్రాన సగాలు వేరుపడవు. షార్టు పట్టాల మీదుగా చుట్టు తిరిగి వచ్చి మీటరుకు కనిపిస్తూనే ఉంటుంది. అటువంటప్పుడు ఫీడర్లను కూడా విప్పాలి, లేదా ఇన్సులేటెడ్ గ్యాపులతో లేఅవుట్‌ను భాగాలుగా విడదీయాలి. కొత్తగా కట్టుకునేవారు మొదటి నుంచే లేఅవుట్‌ను నాలుగైదు విద్యుత్ విభాగాలుగా చేసి, ఒక్కో విభాగానికి ఒక స్విచ్చు గాని ఎలక్ట్రానిక్ బ్రేకరు గాని పెట్టుకుంటే ఈ వెతుకులాట గంటల నుంచి నిమిషాలకు తగ్గుతుంది.

పూర్తి షార్టుకు మామూలు కారణం ఒక ఫీడరు జత తారుమారు కావడం. ఎరుపు తీగ ఒక చోట బయటి పట్టాకు, మరో చోట లోపలి పట్టాకు తగులుతుంది. టేబులుకు అటువైపు నిలబడి వైరింగ్ చేసినప్పుడు ఇలా జరుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఒక ఖాళీ వ్యాగన్ తీసుకొని దాని ఒక పక్కన ఎర్ర రంగు టేపు అంటించి, చేత్తో తోస్తూ లేఅవుట్ అంతా తిప్పాలి. ఎర్ర టేపు వైపున్న పట్టాకు ప్రతి చోటా ఎర్ర తీగే ఉండాలి. ఈ వ్యాగన్‌ను పట్టాల మీది నుంచి ఎత్తకుండా, తిప్పిపెట్టకుండా అన్ని దారుల్లోనూ నడిపించాలి. బయలుదేరిన చోటికే చేరినప్పుడు ఎర్ర టేపు రెండో పట్టా వైపుకు వచ్చిందంటే ఆ దారిలో రివర్సింగ్ లూప్ ఉంది. దాని సంగతి ఐదో మెట్టులో చూద్దాం.

వచ్చీపోయే షార్టును పట్టుకోవడానికి బ్రేక్ లైటు బల్బు ఉపయోగపడుతుంది. అనుమానం ఉన్న విభాగానికి వెళ్లే రెండు తీగల్లో ఒకదానిలో బల్బును వరుసగా కలపాలి. మామూలుగా ఇంజను నడుస్తున్నప్పుడు బల్బు వెలగదు, లేదా ఎర్రగా మిణుకుమంటుంది. షార్టయితే పూర్తిగా వెలుగుతుంది. అప్పుడు కరెంటు దాదాపు 2 ఆంపియర్లకు పరిమితమవుతుంది కాబట్టి 5 ఆంపియర్ల బూస్టరు పడిపోదు, మిగతా విభాగాలు నడుస్తూనే ఉంటాయి. బల్బు వెలుగుతుండగా పట్టాలనూ తీగలనూ ఒక్కొక్కటిగా కదిపి చూస్తూ, ఏది కదిపితే బల్బు ఆరుతుందో గమనించాలి. అదే లోపం ఉన్న చోటు. కొన్ని వేగవంతమైన బ్రేకర్లు మాత్రం చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో లాగే కరెంటుకే పడిపోవచ్చు. వాటితో ఈ పద్ధతి పనిచేయదు.

మూడో మెట్టు: నాణెం పరీక్ష

డీసీసీ వైరింగ్‌కు ఇంతకంటే చవకైన, నమ్మకమైన పరీక్ష లేదు. బూస్టరు ఆన్ చేసి, పటంలో నంబరు వేసిన ప్రతి ఫీడరు దగ్గరా, రెండు ఫీడర్ల నడుమా, ప్రతి సైడింగు (పక్కకు చీలి ఆగిపోయే దారి) చివరా నాణేన్ని రెండు పట్టాల మీదా ఆనించాలి. బ్రేకరు వెంటనే పడాలి. నాణెం తీయగానే బ్రేకరు తనంతట తాను తిరిగి లేవాలి, లేదా రీసెట్ చేయాలి. ఒకటి రెండు సెకన్లలో పడకపోతే నాణెం వెంటనే తీసేసి పటంలో ఆ నంబరు చుట్టూ ఎర్ర గీత గీయాలి.

బ్రేకరు పడలేదంటే అక్కడి దాకా వచ్చే దారిలో నిరోధం ఎక్కువగా ఉంది. ఇది ఎంత ప్రమాదమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 14 వోల్టుల పట్టాల మీద షార్టయిన దారిలో మొత్తం 3 ఓమ్‌ల నిరోధం ఉంటే సుమారు 4.7 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 5 ఆంపియర్ల బూస్టరు దృష్టిలో అది షార్టు కాదు, బాగా నడుస్తున్న లేఅవుట్. కాని ఆ నిరోధంలో 65 వాట్ల దాకా వేడి పుడుతుంది. మనం సోల్డరింగ్‌కు వాడే ఐరన్ 25 వాట్లది. అంటే రెండున్నర సోల్డరింగ్ ఐరన్ల వేడి ఒక వదులైన ఫిష్‌ప్లేట్‌లోనో, బోగీ చక్రం అంచులోనో చేరుతుంది. ప్లాస్టిక్ స్లీపర్లు కరగడం, ఇంజను కింది చక్రాల ట్రక్కు వంకరపోవడం ఇలాగే జరుగుతాయి. అందుకే ఇంజను నడిచే చోట కూడా నాణెం పరీక్షలో తప్పితే ఆ చోటును తప్పినట్టే లెక్కించాలని నా గట్టి అభిప్రాయం.

నాలుగో మెట్టు: నిరోధం ఎక్కడ దాక్కుందో చూడడం

నాణెం పరీక్షలో తప్పిన చోట 10 ఓమ్‌ల రెసిస్టరును రెండు పట్టాల మధ్య క్లిప్పులతో తగిలించాలి. దాని ద్వారా సుమారు 1.4 ఆంపియర్లు పారుతాయి. అది 20 వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి రెసిస్టరును ఒక టైలు ముక్క మీద పెట్టి, కొలత కాగానే తీసేయాలి. అది తగిలి ఉండగానే బూస్టరు దగ్గర, బస్ చివర, ఫీడరు సోల్డరు దగ్గర, చివరగా పట్టా మీద వరుసగా వోల్టేజీ కొలవాలి. రెసిస్టరు లేకుండా కొలిస్తే అన్ని చోట్లా ఒకే అంకె కనిపించి మనల్ని మోసం చేస్తుంది. రెసిస్టరు తగిలినప్పుడు ఏ రెండు చోట్ల మధ్య అంకె చటుక్కున పడిపోతుందో వాటి మధ్యే లోపం ఉంది. బూస్టరుకూ పట్టాకూ మధ్య మొత్తం తేడా అర వోల్టు దాటకపోతే సంతృప్తి పడవచ్చు.

తేడా బస్ వైరులోనే కనిపిస్తే తీగ సన్నగా ఉన్నట్టు. మన దుకాణాల్లో తీగను చదరపు మిల్లీమీటర్లలో అమ్ముతారు. 0.5 చ.మి.మీ. రాగి తీగకు మీటరుకు సుమారు 39 మిల్లీఓమ్‌లు, 2.5 చ.మి.మీ. తీగకు సుమారు 8 మిల్లీఓమ్‌లు నిరోధం ఉంటుంది. బస్ 8 మీటర్ల పొడవుంటే కరెంటు పోయి తిరిగి రావడానికి 16 మీటర్లు ప్రయాణించాలి. 5 ఆంపియర్ల దగ్గర మొదటి తీగలో 3.1 వోల్టులు పోతాయి, రెండోదానిలో 0.64 వోల్టులే పోతాయి. ఇళ్ల వైరింగ్‌కు వాడే 2.5 చ.మి.మీ. తీగ మధ్యస్థమైన లేఅవుట్‌కు చక్కగా సరిపోతుంది. ఫీడర్లకు 0.5 చ.మి.మీ. చాలు, కాని అవి ఒక అడుగు పొడవు దాటకూడదు. బస్ లావుగా ఉండి ఫీడరు పొట్టిగా ఉంటే సన్న తీగలో పోయేది చాలా తక్కువ.

తేడా ఫీడరుకూ పట్టాకూ మధ్య లేదా పట్టా వెంట కనిపిస్తే ఫిష్‌ప్లేట్లను అనుమానించాలి. పట్టాలు తయారయ్యే నికెల్ సిల్వర్‌లో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, విద్యుత్తును రాగిలా సులభంగా ప్రవహించనివ్వదు. అలాంటి పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేసినా, కంకర అంటించడానికి పోసిన తెల్ల జిగురు నీళ్లూ పట్టాలకు పూసిన రంగూ సందుల్లోకి దిగాక ఏడాది రెండేళ్లలో మొండికేస్తుంది. కోస్తా ఊళ్లలో వానాకాలపు తేమకు రాగి తీగల చివర్లు చిలుము పట్టి పచ్చబడడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి పట్టా ముక్కకూ కనీసం ఒక ఫీడరు జత ఉండాలి, లేదా పక్క ముక్కతో సోల్డరు చేసిన అతుకు ఉండాలి. కరెంటు విషయంలో ఫిష్‌ప్లేటును లెక్కలోకి తీసుకోకూడదు. సోల్డరింగ్‌కు రోజిన్ ఉన్న తీగనే వాడాలి. ఆమ్లం కలిసిన పేస్టు ఆ రోజుకు పని సులువు చేసినా లోపల తీగను తింటూనే ఉంటుంది.

ఐదో మెట్టు: పాయింట్లు, రివర్సింగ్ లూపులు

వచ్చీపోయే షార్టుల్లో ఎక్కువ భాగం పాయింట్ల దగ్గరే, అంటే ఒక దారి రెండుగా చీలే చోట్లే పుడతాయి. పాయింటు మధ్యలో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే మొనను మోడల్ రైల్వేలో ఫ్రాగ్ అంటారు. ఆ లోహపు మొనలో కరెంటు ఉండే రకం పాయింటు అయితే, దాని తరువాత వచ్చే లోపలి రెండు పట్టాలకూ ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు తప్పనిసరి. అవి లేకపోతే పాయింటు ఒక వైపు తిరిగినప్పుడు బాగుండి, రెండో వైపు తిప్పగానే బ్రేకరు పడుతుంది. ఈ లక్షణం కనిపించిన వెంటనే ఇంకేమీ వెతకకుండా ఆ ఫిష్‌ప్లేట్లను చూడాలి. ఫ్రాగ్ పోలారిటీని మార్చే స్విచ్చు పాయింటు కదలికకు ముందో వెనకో పనిచేస్తే తిప్పే ఆ క్షణంలో మాత్రమే షార్టవుతుంది. స్విచ్చు స్థానాన్ని కొద్దిగా జరిపితే సరిపోతుంది.

ప్లాస్టిక్ మొన ఉన్న పాయింట్లలో ఇబ్బంది మరోలా ఉంటుంది. మొన దగ్గర వ్యతిరేక పోలారిటీ ఉన్న రెండు పట్టాలు ఒక మిల్లీమీటరు దూరంలోకి వచ్చేస్తాయి. చక్రం వెడల్పుగా ఉంటే రెండింటినీ ఒకేసారి తాకి క్షణకాలం షార్టు చేస్తుంది. పాత డీసీలో ఆ క్షణాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. డీసీసీ బ్రేకరు పట్టించుకుంటుంది. గదిలో లైట్లు ఆర్పి, అనుమానమున్న ఇంజనును నెమ్మదిగా పాయింటు మీదుగా నడిపితే నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో కంటికే కనిపిస్తుంది. అక్కడ పట్టా మీద చిన్న టేపు ముక్క అంటించి మళ్లీ నడిపి చూడాలి. షార్టు ఆగితే చోటు దొరికినట్టే. తరువాత టేపు తీసి గోళ్ల రంగు పలచగా రెండు పూతలు వేయవచ్చు, కాని అది అరిగిపోయే పూత కాబట్టి ఏడాదికోసారి మళ్లీ వేయాలి. తెరిచి ఉన్న పాయింటు బ్లేడును చక్రం వెనక భాగం తాకడం మూడో కారణం. దీనికి మందు పాయింటులో కాదు, చక్రంలో ఉంది; రెండు చక్రాల వీపుల మధ్య దూరం గేజికి సరిపోయేలా సరిచేయాలి. మన భారతీయ రైళ్లను మోడల్ చేసేవారికి ఈ సమస్య ఎక్కువ. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. కాబట్టి 1:87 నిష్పత్తిలో పట్టాలు 19.3 మి.మీ. దూరంలో ఉండాలి, కాని దొరికే పట్టాలూ ఛాసిస్‌లూ 16.5 మి.మీ.వి. అందువల్ల డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజను బాడీ ఒక చోట, ఛాసిస్ మరో చోట, చక్రాలు ఇంకో చోట సంపాదించి జోడిస్తాం. అన్ని చక్రాలూ ఒకే కొలతకు ఉండవు.

రివర్సింగ్ లూప్ అంటే రైలు వెనుదిరిగి అదే పట్టా మీదికి వచ్చే దారి. ఇంజన్లను తిప్పే ట్రయాంగిల్, టర్న్‌టేబులు కూడా ఇందులోకే వస్తాయి. ఇక్కడ ఎడమ పట్టా తిరిగి వచ్చి కుడి పట్టాను కలుస్తుంది కాబట్టి లూపు రెండు చివరలా రెండు పట్టాలకూ గ్యాపులు ఉండాలి, మొత్తం నాలుగు. లోపలి భాగానికి ఆటో రివర్సరు ద్వారా కరెంటు ఇవ్వాలి. ఆటో రివర్సరు షార్టును గుర్తించి, బ్రేకరు పడేలోగా పోలారిటీ తిప్పేస్తుంది. రివర్సరు పనిచేయడం లేదని చెప్పేవారిని నేను ముందుగా అడిగేది, లూపులో నాణెం పరీక్ష చేశారా అని. ఫీడరు దారిలో నిరోధం ఉంటే షార్టు కరెంటు చాలినంత పెరగదు, రివర్సరుకు తిప్పాలన్న సంకేతమే అందదు. అది సరిగా ఉండీ బూస్టరే ముందు పడిపోతుంటే, రివర్సరు స్పందించే కరెంటు పరిమితిని బూస్టరు పరిమితికంటే తక్కువకు దించాలి. లూపు పొడవు అన్ని చక్రాలూ లోహంతో ఉన్న అతి పొడవైన రైలుకంటే ఎక్కువగా ఉండాలి. రైలు ఒకేసారి రెండు చివర్ల గ్యాపులనూ దాటుతుంటే ఏ రివర్సరూ కాపాడలేదు.

ఎండాకాలంలోనే కనిపించే షార్టు

మార్చి దాకా చక్కగా నడిచి మే నెలలో మొండికేసే లేఅవుట్‌లో ముందుగా గ్యాపులను చూడాలి. 2 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.65 మి.మీ. సాగుతుంది. సన్నని రంపంతో కోసిన గ్యాపు అంత వెడల్పు ఉండకపోవచ్చు. పైగా పొడిగాలికి కింది చెక్క కుంచించుకుపోయి పట్టాలను ఇంకా దగ్గరకు నెడుతుంది. ఉదయం లేని షార్టు మధ్యాహ్నం మేడ మీది గదిలో పుట్టడానికి కారణం ఇదే. కాగితాన్ని గ్యాపులోకి దూర్చి చూడాలి. దూరకపోతే మళ్లీ కోసి, ప్లాస్టిక్ షీటు ముక్కను సందులో అతికించి, పట్టా ఆకారానికి అరగదీయాలి.

ఒకే బూస్టరు నుంచి వచ్చే రెండు విభాగాల మధ్య గ్యాపు దగ్గర మరో పరీక్ష కూడా చేయాలి. గ్యాపుకు ఇరువైపులా ఒకే వరుసలో ఉన్న పట్టా మీద మీటరు రెండు ప్రోబులూ పెట్టి ఏసీ వోల్టేజీ కొలవాలి. సున్నాకు దగ్గరగా ఉంటే సరే. పట్టాల వోల్టేజీ మొత్తం కనిపిస్తే ఆ రెండు విభాగాల తీగలు తారుమారయ్యాయి, ఇంజను గ్యాపు దాటిన ప్రతిసారీ షార్టు ఖాయం.

ఆరో మెట్టు: కరెంటు ఉండీ ఆదేశం చేరనప్పుడు

నాణెం పరీక్ష అన్ని చోట్లా నెగ్గినా ఇంజన్లు ఆలస్యంగా స్పందించడం, ఉన్నట్టుండి పూర్తి వేగంతో పరుగెత్తడం కనిపిస్తే సిగ్నలు చెడిపోతోందని అనుమానించాలి. ముందుగా పాత అనలాగ్ (డీసీ) సెట్ల నుంచి మిగిలిన పవర్ క్లిప్పులనూ ఫీడు ముక్కలనూ వెతకాలి. రేడియో జోక్యాన్ని తగ్గించడానికి వాటిలో కొన్నింటికి పట్టాల మధ్య కెపాసిటరు ఉంటుంది. అది డీసీసీ తరంగపు నిటారు అంచులను గుండ్రంగా అరగదీస్తుంది. తీసేయాలి.

బస్ 10 మీటర్లు దాటితే షార్టు తొలగిన క్షణంలో వోల్టేజీ ఎగసిపడి డీకోడర్లను దెబ్బతీయగలదు. రెండు బస్ వైర్లనూ వదులుగా ఒకదానికొకటి మెలివేయాలి. చివర 100 ఓమ్‌ల రెసిస్టరునూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరునూ ఒకదాని వెంట ఒకటి కలిపి రెండు తీగల మధ్య పెట్టాలి. ఈ రెసిస్టరులో నిరంతరం అర వాటుకు మించి వేడి పుడుతుంది కాబట్టి 2 వాట్లది వాడాలి. బస్‌ను గుండ్రంగా చుట్టి మొదటికే కలపకూడదు. ఎక్కడో ఒక చోట విడిగా ముగించాలి. కంట్రోలర్ల కేబులును బస్‌తో కలిపి కట్టకూడదు. ఉన్నట్టుండి పరుగెత్తే ఇంజనులో సీవీ 29 (డీకోడరు తన పనితీరును గుర్తుంచుకునే అంకెల్లో ఒకటి) చూడాలి. పట్టాల మీది సిగ్నలును డీకోడరు పాత డీసీగా పొరబడినప్పుడు ఇంజను అలా పరుగు తీస్తుంది. చాలా డీకోడర్లలో సీవీ 29 విలువ 6 ఉంటుంది. అందులో 4 అనలాగ్ పనితీరుకు సంబంధించింది. దాన్ని తీసేసి 2గా రాస్తే ఆ పొరపాటు ఆగుతుంది.

లోపం ఒకే ఇంజనును అంటిపెట్టుకొని ఉంటే లేఅవుట్‌ను వదిలి ఆ ఇంజనునే విప్పాలి. డీకోడరులో ఎరుపు, నలుపు తీగలు పట్టాల నుంచి, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు వెళతాయి. డీకోడరు తీసేసి, మోటారు బ్రష్షులకూ ఇంజను చట్రానికీ మధ్య ఓమ్‌లు కొలిస్తే సంబంధమే ఉండకూడదు. ఉంటే కొత్త డీకోడరు కూడా అలాగే కాలిపోతుంది. ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలను చదివి మార్చడానికి విడిగా ఉంచే పట్టా) మీద ఇంజను జవాబివ్వకపోతే చక్రాలను శుభ్రం చేసి మళ్లీ చూడాలి. డీకోడరు జవాబంటే 6 మిల్లీసెకన్ల పాటు అదనంగా లాగే 60 మిల్లీఆంపియర్ల కరెంటే. మురికి చక్రం ఆ కొద్దిపాటి సంకేతాన్ని మింగేస్తుంది.

తిరిగి కలపడం

మరమ్మతు పూర్తయ్యాక విభాగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతి విభాగం కలిపిన వెంటనే దానికి సంబంధించిన నంబర్లన్నిటి దగ్గరా నాణెం పరీక్ష మళ్లీ చేయాలి. రెసిస్టరుతో తీసిన కొలతలను తేదీ వేసి పటం పక్కనే రాసుకుంటే వచ్చే ఎండాకాలంలో ఏ అతుకు బలహీనపడుతోందో పోల్చి చూడవచ్చు. అన్ని విభాగాలూ కలిశాక మీ దగ్గరున్న ఇంజన్లన్నిటినీ అరగంట పాటు ఒకేసారి నడపాలి. ఆ తరువాత బూస్టరు ఆపి, టేబులు కిందికి వెళ్లి, బస్ వెంబడి ప్రతి అతుకునూ ప్రతి స్క్రూ కనెక్టరునూ వేలితో తాకి చూడాలి. చల్లగా ఉన్నవాటిని వదిలేయండి. వెచ్చగా తగిలినదాన్ని అప్పుడే విప్పి, తీగ చివర గీరి, కొత్తగా సోల్డరు చేయండి.